మూడు మందులకీ చావనిది

దామోదరాన్ని చంపింది తుపాకీ కాదు, కత్తీ కాదు. అతని చేతికి ఎక్కుతున్న సెలైన్ గొట్టంలోకి ఎవరో సిరంజితో నాలుగు చుక్కలు వదిలి, మాస్కు సర్దుకుని, మెట్లు దిగి వెళ్లిపోయారు.

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. ఆ తర్వాత జరిగిందంతా ఐసీయూ అద్దానికి ఇవతల నిలబడి ఏజెంట్ ఏబెల్ చూశాడు. దామోదరాన్ని స్కూటర్ యాక్సిడెంట్ కేసుగా చేర్చారు. పక్కటెముకలు విరిగాయి గానీ ప్రాణానికి భయం లేదన్నారు. ఇంతలో జ్వరం వచ్చింది. రక్తంలో ఫంగస్ చేరిందన్నారు. దాన్ని చంపే మందు ఎక్కించారు, జ్వరం దిగలేదు. రెండో రకం ఎక్కించారు. మూడో రకం సీసా వేలాడదీస్తున్నప్పుడు పెద్ద డాక్టరు ముఖం చూసి, నాలుగో రకం లేదని ఏబెల్‌కి అర్థమైంది.

పోయే ముందు దామోదరానికి తెలివి వచ్చింది. అద్దం వైపు చూసి, చెయ్యి కొద్దిగా ఎత్తి, వద్దన్నట్టు ఊపాడు. తన దగ్గరికి రావద్దనా, తను వెళ్లిన చోటికి వెళ్లవద్దనా? అడగడానికి మనిషి మిగల్లేదు.

ఇద్దరిదీ ఒకే నిఘా డిపార్టుమెంటు. రెండు నెలలుగా ఒకే లాడ్జి గది, ఒకే బకెట్, తొందరలో ఉన్న రోజు ఒకే తువ్వాలు. ఈ ఫంగస్ చర్మం మీద కూడా బతుకుతుందని డాక్టరు ఎవరితోనో అంటుంటే ఏబెల్ విన్నాడు. ఆ క్షణం నుంచి అతనికి మెడ మీద దురద మొదలైంది.

*

చంద్రగిరి రాజమహల్ ముందు పచ్చికలో ఎండ కాస్తోంది. నెత్తిన టోపీ, మెడలో కెమెరా, చేతిలో వేరుశనక్కాయల పొట్లం. ఏ ఊరి నుంచో వచ్చిన టూరిస్టు అనిపించేలా కూర్చుని ఉంది ప్రసన్నకుమారి. డిపార్టుమెంటులో సూక్ష్మజీవుల కేసులు చూసే బయో డెస్క్‌కి ఆమె చీఫ్. ఏబెల్ పక్కన కూర్చున్నాడు. ఆమె ఇచ్చిన కాయలు అందుకోవడానికి చెయ్యి చాపి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు.

ఆమె బ్రీఫింగ్ ఎప్పటిలా సూటిగా సాగింది. దామోదరాన్ని తిన్న ఫంగస్ ఈస్ట్ జాతిదే. బ్రెడ్డు పొంగించే ఈస్ట్‌కి దాయాది. ఒంట్లో సత్తువ ఉన్నవాడిని ఏమీ చేయదు, చర్మం మీద ఊరికే కూర్చుంటుంది. ఐసీయూలో సూది దిగిన చోటు దొరికితే మాత్రం రక్తంలోకి దూరుతుంది. మామూలుగా ఒక మందుకి లొంగకపోతే ఇంకో మందుకి లొంగుతుంది. ఈ రకం మూడింటికీ లొంగదు. దాన్ని ఏరి, పెంచి, దాచిపెట్టినవాడు మునిప్రసాద్ అనే మాజీ ల్యాబ్ డాక్టరు. నాయుడుపేట పారిశ్రామికవాడలో ఇడ్లీ, దోసె పిండి ఫ్యాక్టరీ నడుపుతున్నాడు. కోల్డ్ రూమ్ వెనక అసలు ల్యాబ్ ఉంది.

కొనబోయేది కెల్లర్ అనే విదేశీయుడి ముఠా. వాళ్ల గోడౌన్లలో ఏ ప్రభుత్వమూ అనుమతించని నాలుగో మందు పెట్టెలు పెట్టెలుగా ఉంది. ముందు ఆసుపత్రుల్లోకి జబ్బు వదలాలి, తర్వాత మందు అమ్మాలి. అయితే కెల్లర్ ఎవరినీ నమ్మడు. బయటి మైక్రోబయాలజిస్టు తన కళ్లముందు టెస్టు చేసి, మూడు మందులూ పనిచేయడం లేదని చూపిస్తేనే సరుకు తీసుకుంటాడు. ఆ వేషంలో లోపలికి వెళ్లిందే దామోదరం.

“ఇప్పుడు నువ్వు పోవాల. పేరు డాక్టర్ సుకుమార్. చెన్నైలో లైసెన్సు పోగొట్టుకున్న మనిషివి. నువ్వు ఆడాల్సింది ఒకటే అబద్ధం. మందులు పనిచేస్తా ఉండాయని టెస్టులో కనబడాల. కెల్లర్ సరుకు వద్దని పోతాడు. ఆ పైన మునిప్రసాద్ సంగతి మనం చూసుకుంటాం.”

ఏబెల్ ఎడమ మోకాలు వణకడం మొదలుపెట్టింది. ఆఫీసులో అందరికీ తెలిసిన మోకాలే అది.

“నన్నే ఎందుకు మేడం? నాకన్నా ధైర్యం ఉండేవాళ్లు శానామంది ఉండారు కదా.”

“ధైర్యం ఉండేవాడు చేతులు కడుక్కోడు ఏబెల్. నాకు భయపడేవాడే కావాల.”

రెండు వస్తువులు ఇచ్చింది. ఒకటి పెన్ను. వెనక నొక్కితే ముల్లుకి బదులు దూది మొన బయటికొస్తుంది. ఆ దూదిలో ఏ మందు తగిలినా చచ్చే మామూలు ఈస్ట్ ఉంది. రెండోది వాచీ. కీ తిప్పే బొడిపెను లోపలికి నొక్కితే చాలు, వెంట ఉన్న బలగం కదులుతుంది. అయితే సరుకు సీసా ఎక్కడుందో కళ్లారా చూసేదాకా నొక్కకూడదు. ఒక్క సీసా తప్పిపోయినా ఇంత కష్టమూ వృథా.

మోహన అనే ఆమె గురించి కూడా హెచ్చరించింది. కెల్లర్‌ని మునిప్రసాద్‌కి కలిపింది ఆమే. ఒకప్పుడు డిపార్టుమెంటుకి పనిచేసింది, తర్వాత అవతలి పక్క చేరింది, ఇప్పుడు ఎవరి మనిషో చెప్పలేం. జాగ్రత్త. చివర్లో, లోపల మన మనిషి ఇంకొకరు ఉన్నారని కూడా చెప్పింది. పేరు అడగవద్దంది. సమయం వచ్చినప్పుడు ఆ మనిషే మాటల్లో ‘వేడి సంగటి’ అంటారు, అదే గుర్తు.

“పేరు చెప్తే ఏమవుతాది మేడం?”

“వాళ్లు కొడితే నువ్వు చెప్పేస్తావు.”

ఏబెల్ కాదనలేదు.

*

ఫ్యాక్టరీ గేటు దగ్గరే పులిసిన పిండి వాసన ముక్కుకి తగిలింది. లోపల గ్రైండర్లు తిరుగుతున్నాయి, ఆడవాళ్లు ప్యాకెట్లు నింపుతున్నారు. మునిప్రసాద్ నెత్తికి ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని ఎదురొచ్చాడు. గుండ్రటి మనిషి, గుండ్రటి నవ్వు. డాక్టర్ సుకుమార్ భుజం మీద చెయ్యేసి, ప్రయాణం ఎట్ల జరిగింది, చెన్నైలో ఎండలెట్ల ఉండాయి అని అడిగి, పొగలు కక్కే ఇడ్లీల ప్లేటు ముందు పెట్టించాడు.

“తినప్పా, మొగమాటమేంది? నీకన్నా ముందు ఒకాయన వచ్చినాడు. సరిగ్గా తినేవాడు కాదు. పాపం, ఒంట్లో బలం లేక పోయినాడు.”

ఏబెల్ ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నీళ్లతో తోశాడు.

ఆ సమయంలోనే మోహన వచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, చెవులకి రాళ్ల దుద్దులు, ఆమె కంటే ముందు గదిలోకి వచ్చిన సెంటు వాసన. ఆమె వెనక కెల్లర్. గుండు చేయించుకుని, నుదుట నామం దిద్దుకుని, పంచె కట్టాడు. కొండకి వచ్చిన విదేశీ భక్తుడని ఎవరైనా దండం పెట్టేలా ఉన్నాడు. కళ్లలో మాత్రం భక్తి లేదు. మోహన అతనితో ఇంగ్లీషులో, మునిప్రసాద్‌తో తెలుగులో, డ్రైవరుతో అరవంలో మాట్లాడింది. ఏబెల్ వైపు చూసి ఒక్క మాటా మాట్లాడకుండా నవ్వింది. ఆ నవ్వుకి అతను చూపు ఇడ్లీల ప్లేటు మీదికి తిప్పుకున్నాడు.

ల్యాబ్ చిన్నదే. గ్లవ్స్, మాస్కు, గౌను తొడుక్కుని ఏబెల్ క్యాబినెట్ ముందు కూర్చున్నాడు. మునిప్రసాద్ ఒక ట్యూబు తెచ్చాడు. గంజిలా మసకగా ఉంది అందులోని ద్రవం. సగాన్ని కెల్లర్ తన ఎదుటే ఇంజెక్షన్ సీసాలోకి ఎక్కించమన్నాడు. రబ్బరు మూత పెట్టించి, అల్యూమినియం రేకుతో తనే బిగించి, ఐసు నింపిన స్టీలు ఫ్లాస్కులో వేసుకున్నాడు. ఫ్లాస్కు పట్టీ భుజానికి తగిలించుకున్నాడు. మిగిలిన సగం టెస్టుకి.

టెస్టు వినడానికి సులువే. జెల్లీలాంటి మేత పోసిన ప్లేటు మీద ఈస్ట్‌ని అంతటా పూయాలి. దాని మీద మోతాదు అంకెలు వేసి మందు పూసిన పట్టీలు పెట్టి, వెచ్చని ఇంక్యుబేటర్లో ఒక రోజు ఉంచాలి. మందు పట్టీ నుంచి చుట్టూ పాకుతుంది. మందు పనిచేస్తే పట్టీ చుట్టూ తమలపాకు ఆకారంలో ఖాళీ మిగులుతుంది, అక్కడ ఏమీ మొలవదు. పనిచేయకపోతే ఈస్ట్ మీగడలా పెరిగి పట్టీని ఆనుకుంటుంది. అంతే తేడా. ఆ తమలపాకంత ఖాళీ మీద ఏబెల్ ప్రాణం ఉంది.

కెల్లర్ అతని కుడి భుజం వెనక నిలబడ్డాడు. మునిప్రసాద్ ఎడమ పక్క. ఏబెల్ దూదిపుల్లని ట్యూబులో ముంచి తీశాడు. ప్లేటు మీద నంబరు వేయాలని జేబులోంచి పెన్ను తీశాడు. సరిగ్గా అప్పుడే మోహన చేతిలోని కాఫీ గ్లాసు కిందపడి పగిలింది. రెండు తలలూ అటు తిరిగాయి. ఏబెల్ దూదిపుల్లని చెత్త బిన్నులో పడేసి, పెన్ను నొక్కి, ఆ మొనతో ప్లేటంతా పూసేశాడు. తలలు ఇటు తిరిగేసరికి మొదటి పట్టీ పెడుతున్నాడు. బల్ల కింద మోకాలు చీర ఆరేసిన తీగలా ఊగుతోంది.

మూడు పట్టీలు పెట్టి, మూత మీద నంబరు వేసి, ప్లేటు ఇంక్యుబేటర్లో పెట్టి, చేతులు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. గ్లాసు కావాలనే పడిందా, చెయ్యి జారి పడిందా? మోహన ముఖంలో ఏమీ దొరకలేదు. ఆ రాత్రి అతన్ని ఫ్యాక్టరీలోనే ఒక గదిలో ఉంచి బయట తాళం వేశారు.

*

మర్నాడు పొద్దెక్కాక అందరూ ల్యాబ్‌లో చేరారు. ఏబెల్ ప్లేటు తీసి మూత ఎత్తాడు.

ప్లేటు నిండా మీగడ. మూడు పట్టీలనీ ఆనుకుని, వాటి మీదికి కూడా ఎక్కి, తెల్లగా, దట్టంగా పెరిగి ఉంది ఈస్ట్. తమలపాకు లేదు. ఖాళీ లేదు.

ఏబెల్ మూత తిప్పి చూశాడు. తను పూసింది ఇది కాదు. మూత మీద తన నంబరు ఉంది, చేతిరాత తనదిలాగే ఉంది, లోపలిది మాత్రం దామోదరాన్ని తిన్నది. కెల్లర్ వంగి చూస్తున్నాడు. పట్టీల మీది అంకెలు పైకి చదవమన్నాడు. ఏబెల్ నోరు తెరిచాడు. మొదటి మందు పనిచేయలేదని చదివాడు. రెండోదీ పనిచేయలేదు. మూడోదీ అంతే. తన గొంతు ఎవరిదో రేడియోలో విన్నట్టు వినబడింది.

మునిప్రసాద్ తృప్తిగా తలూపి, లోపలి గదిలోకి వెళ్లి ఇంకో ప్లేటు పట్టుకొచ్చాడు.

“సూడప్పా, కోపం తెచ్చుకోవద్దు. నువ్వు పెట్టినప్పుడే నేనూ ఒకటి పెట్టుకున్నా, వేరే ఇంక్యుబేటర్లో. రెండూ ఒకటే. పోయినసారి ఆయనది, నాది ఒకటి కాలేదు.” నవ్వు చెరగకుండానే అన్నాడు. “అందుకే ఆయన ఈడ లేడు.”

ఏబెల్ బల్ల అంచు పట్టుకున్నాడు. తన పెన్ను పన్నాగం నెగ్గి ఉంటే, ఈ పాటికి తనకీ సెలైన్ గొట్టం సిద్ధమయ్యేది. ఎవరో ప్లేటు మార్చి తనని బతికించారు. అలా బతికించడం వల్లే సరుకు కెల్లర్ చేతికి పోయింది. మార్చింది స్నేహితుడో శత్రువో ఆలోచించే వ్యవధి కూడా దొరకలేదు. కెల్లర్ వేలితో అతన్ని చూపించి, ఇతనూ మనతో కారులో వస్తాడన్నాడు.

*

శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి దారి. మోహన కారు నడుపుతోంది. వెనక సీట్లో కెల్లర్, పక్కన ఏబెల్, ఇద్దరి మధ్యా ఫ్లాస్కు. కారు కుదుపుకి అది ఏబెల్ తొడకి తగిలినప్పుడల్లా అతను కిటికీ వైపు జరిగాడు.

కెల్లర్ ఉత్సాహంగా ఉన్నాడు. సరుకు దేశం దాటే ముందు ఒక చిన్న ట్రయల్ చూడాలని ఉందన్నాడు. తిరుపతిలోనే, ఈ మధ్యాహ్నమే. ఐసీయూలో పనిచేసే ఒకరిని డబ్బిచ్చి కుదుర్చుకున్నారట. ఒక మనిషి మీద పనిచేసింది కాబట్టి ఇప్పుడు వార్డంతటి మీదా చూడాలట. అతను చెప్పిన ఆసుపత్రి పేరు ఏబెల్‌కి తెలిసిందే. అదే అద్దం, అదే గది. దామోదరం మంచానికి అటు పక్క ఒక ముసలామె, ఇటు పక్క ఒక బాలింత ఉండేవారు. తను అద్దం దగ్గర నిలబడినప్పుడల్లా ఆ బాలింత భర్త జరిగి చోటిచ్చేవాడు.

వాచీ నొక్కాలి. సీసా ఎక్కడుందో కళ్లెదుటే తెలుస్తోంది. అయినా నొక్కితే? దారికి అడ్డం పడతారు, కెల్లర్ సీసా పగలగొడతాడు, మొదటి చుక్కలు పడేది తన మీదే. వేలు బొడిపె మీదికి వెళ్లి ఆగింది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఏర్పేడు దాటాక ఒక టీ కొట్టు దగ్గర మోహన కారు ఆపింది. ఎండ ముదిరింది, ఐసు కరిగిపోయి ఉంటుంది, మార్చుకొస్తానంది. కెల్లర్ ఒక క్షణం ఆలోచించి ఫ్లాస్కు ఇచ్చాడు. అద్దం దించి, ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. కౌంటరు దగ్గర ఆమె వీపు మాత్రమే కనబడింది. కొట్టు మనిషితో ఏదో అంది, ఫ్లాస్కు వంచింది, నింపింది, మూత బిగించింది. తిరిగొచ్చి ఇచ్చింది. కెల్లర్ ఊపి చూశాడు. లోపల సీసా గలగలమంది. మూత తీయబోతే ఆమె వారించింది. తీస్తే చల్లదనమంతా పోతుందని చెప్పి సీటులో కూర్చుని బెల్టు పెట్టుకుంది. అద్దంలోంచి ఏబెల్ కళ్లలోకి చూసింది.

“ఏం కొట్టో ఏమో సార్, తినను ఏమీ లేదు. యాడన్నా వేడి సంగటి దొరికితే బాగుండు.”

ప్రసన్నకుమారి చెప్పిన గుర్తు. ఈమేనా? ప్లేటు మార్చిందీ ఈమేనా? అడగడానికి వీల్లేదు, పక్కనే కెల్లర్. ఆమె మామూలుగా గేరు మార్చింది. ఆ ఒక్క మాట పట్టుకుని ఏబెల్ కళ్లు మూసుకున్నాడు, చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్న ప్రార్థన సగం చదివాడు, మిగతా సగం గుర్తురాలేదు. బొడిపె నొక్కాడు.

రేణిగుంట ఇంకా కొంత దూరం ఉందనగా, రోడ్డుకి అడ్డంగా నిమ్మకాయల లారీ నిలిచి ఉంది. రోడ్డంతా నిమ్మకాయలు దొర్లుతున్నాయి. నెత్తికి తువ్వాలు చుట్టుకుని కాయలు ఏరుతున్న ఆడమనిషి లేచి నిలబడింది. ప్రసన్నకుమారి. ఏరుతున్న మిగతావాళ్లూ లేచారు. అందరి చేతుల్లోనూ తుపాకులే.

కెల్లర్‌కి చెప్పనక్కర్లేకపోయింది. ఏబెల్ కాలర్ పట్టుకుని కారులోంచి బయటికి లాగి, తన ముందు అడ్డం పెట్టుకున్నాడు. ఫ్లాస్కు మూత పళ్లతో తిప్పి ఊశాడు. అందరూ వెనక్కి పోవాలని, లేదంటే సీసా ఇక్కడే పగలగొడతానని అరిచాడు. ఏబెల్‌ని వదిలి చేతిని ఫ్లాస్కులోకి దూర్చాడు.

మరుక్షణం గావుకేక పెట్టాడు.

చెయ్యి బయటికొచ్చింది, ఎర్రగా ఉడికి, పొగలు కక్కుతూ. వేళ్ల మధ్య సీసా ఉంది. దాన్ని పట్టుకోలేక, వదల్లేక విసిరేశాడు. అది కారు తలుపు అంచుకి తగిలి పగిలింది. లోపలిదంతా ఏబెల్ ముఖం మీద చిమ్మింది. పెదాల మీద, నోట్లో.

ఏబెల్ అక్కడే నిమ్మకాయల మధ్య మోకాళ్ల మీద పడ్డాడు. కెల్లర్‌ని కింద పడేసి పట్టుకుంటున్నారు, ఎవరో అరుస్తున్నారు, ఏదీ అతనికి వినబడలేదు. దామోదరం ఊపిన చెయ్యి ఒక్కటే కనబడింది. తర్వాత, చాలా ఆలస్యంగా, ఒక సంగతి తెలిసింది. పెదాల మీది చుక్కలు వేడిగా ఉన్నాయి.

మోహన అతని పక్కన కూర్చుంది. పట్టుచీర కొంగుతో అతని ముఖం తుడవబోయి, ఆగి, గ్లవ్స్ అడిగి తొడుక్కుంది.

“ఐసు పారబోసి టీ కొట్టు బాయిలర్‌లో మరిగే నీళ్లు పోసినాను సార్. ఏర్పేడు నుంచి ఉడుకుతానే ఉండాది. మందులకి చావదు గానీ, ఉడికితే ఏదైనా చస్తాది.”

“ప్లేటు...”

“నేనే. మీ గదికి తాళం వేసినాక, అసలు సరుకు ఇంకో ప్లేటు మీద పూసి, మీ నంబరు దించి మార్చినా. ఆయన రెండో ప్లేటు పెడతాడని నాకు తెలుసు.” ఆమె గ్లవ్స్ వేళ్లు సర్దుకుంది. “దామోదరం సార్ అప్పుడు తెలియలేదు. తెలిసేసరికి శానా ఆలస్యమైపోయింది.”

*

మునిప్రసాద్‌ని అదే గంటలో పిండి గ్రైండర్ల మధ్య పట్టుకున్నారు. వచ్చినవాళ్లకి కూడా ఇడ్లీలు పెట్టమన్నాడట. కోల్డ్ రూమ్‌లో ఉన్న ట్యూబులన్నీ ఆటోక్లేవ్‌లో ఉడికించి నాశనం చేశారు. ఆసుపత్రిలో కుదుర్చుకున్న మనిషిని గేటు దగ్గరే ఆపారు. ఆ మధ్యాహ్నం ఐసీయూలో ముసలామె గంజి తాగింది, బాలింత బిడ్డకి పాలిచ్చింది. తమ మీదికి ఏం రాబోయిందో వాళ్లకి తెలియదు.

ఏబెల్‌ని మాత్రం ఒంటరి గదిలో ఉంచారు. పగిలిన సీసా ముక్కల నుంచి, అతని పెదాల నుంచి, చంకల నుంచి, దురద పెట్టే మెడ నుంచి దూదిపుల్లలతో తీసి ప్లేట్ల మీద పూశారు. ఉడికిందని అందరూ అంటున్నారు. చచ్చిందని చెప్పాల్సింది మాత్రం ప్లేటే. అది తొందరపడదు.

ఏబెల్ పడుకోలేదు. జ్వరం చూసుకున్నాడు, లేదు. మళ్లీ చూసుకున్నాడు. మోహన ఒకసారి వచ్చి అద్దానికి అవతల కుర్చీ వేసుకుని కూర్చుంది. పట్టుచీర లేదు, సెంటు లేదు. ఇద్దరూ దామోదరం గురించి మాట్లాడుకున్నారు. అతను లాడ్జి బాత్‌రూములో ఎంత బేసురుగా పాడేవాడో ఏబెల్ చెప్పాడు. ఫ్యాక్టరీలో కూడా పాడేవాడని ఆమె చెప్పింది. వెళ్లేటప్పుడు, తనకి కూడా ఇంకా భయంగానే ఉందని, ఫ్యాక్టరీలో రోజూ భయంతోనే ఆ నవ్వు నవ్వేదాన్నని అంది.

చివరికి ప్రసన్నకుమారి ప్లేట్ల ట్రేతో వచ్చి, ఒక్కొక్కటీ అద్దానికి ఆనించి చూపించింది. అన్నీ ఖాళీ. మీగడ లేదు, మచ్చ లేదు, చుక్క లేదు. ఏబెల్ అద్దానికి నుదురు ఆనించి, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

ఆ ల్యాబ్ రిపోర్టు అతని సర్వీస్ ఫైల్లో చేరింది. పేరు ఏబెల్, హోదా ఫీల్డ్ ఆఫీసర్, కింద ఎర్ర సిరాతో రెండే మాటలు: ‘ఎదుగుదల లేదు’. తన ఫైల్లో ఆ మాట చూసి అందరికీ మిఠాయిలు పంచిన ప్రభుత్వోద్యోగి ఇప్పటిదాకా అతనొక్కడే.